మూలకు రెండంగుళాలు తక్కువ

ఆదిలాబాద్,
అక్టోబరు 14, 2024.

నూరున్నీసా వదినకు సలాములతో నౌరీన్ రాస్తున్నది.

ఇక్కడ మీ తమ్ముడు షఫీ, మామయ్య, మా పాప ఉమ్మే హానీ, నేను బాగానే ఉన్నాం. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని మీరు తప్పకుండా అంటారు. మా రెండు గదుల ఇంట్లో నేను ఫోన్‌లో ఏం మాట్లాడినా మామయ్య చెవిన పడుతుంది. మీ ఫోన్‌కు మెసేజ్ పెడితే ముందు మీ అబ్బాయి ఒవైస్ చదువుతాడు. వాడు రోజూ తాతతో మాట్లాడతాడు, వాడి నోట్లో మాట దాగదు. ఈ సంగతి మామయ్యకు తెలియకూడదు. అందుకే ఉత్తరం.

మామయ్యకు ఈ చలికాలానికి కొత్త రజాయి కుడుతున్నాను. లోపల దూది కాదు, ఫైబర్ పెడుతున్నాను. దిండ్లలో నింపే ఫైబర్ తెచ్చి, గుప్పెడు గుప్పెడు కుక్కి ఒకటి కుట్టాను. రెండు రోజులకే అంతా జారి కాళ్ళ వైపు ముద్ద కట్టింది. మామయ్య దాన్ని వేళ్ళతో ఒక్కసారి నలిపి చూసి మంచం కింద పడేశారు. "గిదేంది కోడలా, నన్ను ప్లాస్టిక్ సంచిల చుడుతున్నవా? నేనింకా సావలే" అన్నారు. అప్పటి నుంచి ఉతికిన దుప్పటి ఒక్కటే కప్పుకుంటున్నారు. ఇక్కడి చలి మీకు తెలియదు.

ఎలాంటి ఫైబర్ తేవాలి, దాన్ని ఎలా పరిస్తే చేతికి దూదిలా తెలుస్తుంది? మీకు తెలియని రజాయి లేదు. ఈ ఒక్కటి చెప్పండి.

మీ మరదలు,
నౌరీన్.

---

జహనుమా, హైదరాబాద్,
అక్టోబరు 20, 2024.

నౌరీన్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక కాదు, నమ్మలేక.

మా బాపు యాభై రెండేళ్ళు దూది ఏకి మమ్మల్ని పెంచాడు. ఆయన భుజాన దూదేకే విల్లు వేసుకుని వస్తుంటే జహనుమా నుంచి గౌలిపుర దాకా ఆడవాళ్ళు పాత పరుపులు వాకిట్లోకి తెచ్చి పెట్టుకునేవాళ్ళు. అలాంటి మనిషికి ప్లాస్టిక్ దారాలు కప్పి, అవి దూదేనని నమ్మించాలట. ఎలా మోసం చెయ్యాలో ఆయన కూతురినే అడుగుతున్నావు. దొంగతనానికి వచ్చి ఇంటివాళ్ళనే నిచ్చెన అడిగే తెలివి నీది.

నీ తప్పు కూడా కాదులే. మీ పుట్టింట్లో రజాయి అంటే జిప్పు కవర్లోంచి తీసేది. చూసి చూసి ఆ ఇంటి పిల్లను తెచ్చుకున్నది మేము.

గుప్పెడు గుప్పెడు కుక్కడానికి అది దిండా? రజాయిలో కుక్కరు. పరుస్తారు. ఈ రెండింటికీ తేడా తెలియని మనిషి సూది ముట్టుకోకూడదు.

బస్సు పార్సిల్లో కొత్తగా ఏకించిన దూది పంపుతున్నాను. రెండు కిలోల ముప్పావు. పెళ్ళయిన నాటి నుంచి నేను కుట్టిన ప్రతి రజాయి పొడవు, వెడల్పు, దూది బరువు నా నోట్‌బుక్కులో రాసి ఉన్నాయి. బాపుది ఏడడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు. దానికి ఈ బరువు సరిపోతుంది. గ్రాము తీయకు, గ్రాము కలపకు.

ఇక పరిచే పద్ధతి. అడుగున వచ్చే అస్తరు గుడ్డను చాప మీద బిగుతుగా పరిచి అంచుల మీద ఇటుకలు పెట్టు. మొదటి పిడికెడు దూదిని నట్టనడుమ పెట్టి అరచేత్తో అదుము. అక్కడి నుంచి నాలుగు వైపులకూ జరుపుకుంటూ పో. మూలల నుంచి నడుమకు రాకు, వస్తే మధ్యలో గుట్ట లేస్తుంది. అంచు దాటి నాలుగు వేళ్ళు బయటికి ఉండేలా పరుచు, కుట్టినప్పుడు ఆ మేరకు లోపలికి ముడుచుకుంటుంది. అన్నిటికంటే మూలలు చూసుకో. మూల బోలుగా ఉన్న రజాయిని బాపు ఇంట్లో ఉండనివ్వడు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక పెళ్ళి రజాయికి కాళ్ళ వైపు ఎడమ మూల రెండంగుళాలు తక్కువ పరిచాను. పెళ్ళివాళ్ళు తీసుకుపోవడానికి వచ్చి అరుగు మీద కూర్చుంటే, వాళ్ళ ముందే కుట్టు విప్పి మళ్ళీ పరిచాడు. రెండు గంటలు కూర్చున్నారు పాపం. అప్పటి నుంచి నా మూల ఏనాడూ తప్పలేదు.

కిందటి బక్రీదుకు పంపిన దిండు బాపు తల కిందే ఉందా? మా అమ్మ పరుపులోని పాత దూదిని మళ్ళీ ఏకించి నింపాను. మా ఇంట్లో దూది పారేయడం అనేది లేదు.

ఈ దూది విప్పి ఎండబెట్టిన దగ్గర నుంచి నాకు గొంతు పట్టింది. ఏటా ఈ రోజుల్లో ఉండేదే.

నూరున్నీసా.

---

ఆదిలాబాద్,
నవంబరు 3, 2024.

వదినకు సలాం.

మీ దూది మూట అందింది. విప్పలేదు. ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపుతున్నాను. కోప్పడతారని తెలుసు. ఎందుకని మాత్రం అడగవద్దు.

పొద్దున్నే మామయ్య గడప దగ్గర ఎండలో కూర్చుంటారు. మా ముందు నుంచే పత్తి బళ్ళు మార్కెట్‌కు పోతాయి. వాటిని చూస్తూ కూర్చుంటారు, దుప్పటి చుట్టుకుని, దవడ వణుకుతుంటే. ఫైబర్ రజాయి మళ్ళీ తెస్తే చేత్తో నెట్టేస్తున్నారు. డిసెంబరులో ఇక్కడ ఇంకా చలి పెరుగుతుంది. ఆ దుప్పటితో ఆయన ఈ చలి దాటలేరు.

మీరు నన్ను ఎన్నయినా అనండి. ఫైబర్ ఎలా పరచాలో చెప్పండి.

నౌరీన్.

---

జహనుమా,
నవంబరు 9, 2024.

నౌరీన్‌కు,

మూట చేరింది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

నా పెళ్ళయి ముప్పై ఏళ్ళు. ఇంతవరకు నేను పంపిన దూదిని ఎవరూ వెనక్కి పంపలేదు. మా పక్కింట్లోకి కిరాయికి వచ్చిన వాళ్ళు, గోడ మీద మేకు కొట్టడం కూడా రానివాళ్ళు, వాళ్ళు సైతం తీసుకుని దండం పెట్టారు. నువ్వు విప్పి చూడలేదు కూడా!

కారణం అడగొద్దన్నావు. అడగను, నేనే చెబుతాను. దూది రజాయి బరువు, ఎండలో వేయడానికి నీకు నడుము వంగదు. అది తడిస్తే మూడు రోజులు ఆరదు, నీకు ఓపిక లేదు. ఏడాదికోసారి విప్పి ఏకించాలి, దానికి నీకు తీరిక లేదు. ఫైబర్‌దయితే మెషీన్లో పడేసి సీరియల్ చూడొచ్చు. ముసలాయన వణికితే ఏం, నీ పని తేలికవుతుంది కదా.

దిండు గురించి అడిగాను. దానికి జవాబు లేదు. అది కూడా మెషీన్లో వేశావా?

ఇంకొక ఉత్తరం చూస్తాను. అందులో నిజం రాస్తే సరే. లేకపోతే ఒవైస్‌ను వెంటపెట్టుకుని బస్సెక్కుతాను. బాపును తీసుకొచ్చుకుంటాను. నా ఇంట్లో దూదికి కరువు లేదు.

నూరున్నీసా.

---

ఆదిలాబాద్,
నవంబరు 17, 2024.

వదినకు,

మామయ్యను మీ ఇంటికి తీసుకుపోతానన్నారు. ఆ ఒక్క మాట వల్ల ఒట్టు తప్పుతున్నాను. ఆ ఇంటికి ఆయన రాకూడదు.

ఆగస్టులో మూడుసార్లు ఊపిరి అందక ఆయన్ను ఆస్పత్రికి తీసుకుపోయాం. మీకు మాత్రం ఆయనకు జ్వరమని చెప్పాం. ఛాతీ డాక్టరు ఫోటోలు తీయించి చూసి, "ఏం పని చేసేటోనివి పెద్దాయనా?" అని అడిగాడు. మామయ్య ఛాతీ విరుచుకుని, "దూదేకేటోన్ని సారూ. ఏబై రెండేండ్లు" అన్నారు. డాక్టరు మళ్ళీ ఆ ఫోటోల వైపు చూశాడు. తర్వాత నాతో చెప్పాడు: ఇన్నేళ్ళూ పీల్చిన దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఆయన పడుకునే గదిలో ఏకిన దూది ఉండకూడదు. రజాయి, పరుపు, దిండు అన్నీ మార్చాలి. బాగా ఉతికిన గుడ్డ ఫర్వాలేదు.

ఆటోలో వస్తూ మామయ్య నా చెయ్యి తన తల మీద పెట్టుకున్నారు. "నూరుకు జెప్తివా, నా మీదొట్టే" అన్నారు. ఎందుకు మామయ్యా అంటే ఇలా అన్నారు: "ఆ పిల్ల ఎనిమిదేండ్ల వయసు సంది నా విల్లు కింద కూసున్నది. నేను మింగిన దుమ్మంత అది గూడ మింగింది. నాకు గిట్లయిందని తెలిస్తే, ఇగ రోజూ తన దగ్గు లెక్కవెట్టుకుంట బతుకుతది."

మీరు పంపిన దిండు నేనే తీసేశాను. పక్కింటి వాళ్ళ మేడ మీది గదిలో పెట్టాను. కుట్టు ఊడితే మీకు పంపానని ఆయనకు అబద్ధం చెప్పాను. "నా బిడ్డ దిండు వచ్చిందా?" అని రోజూ అడుగుతారు. మీ దూది మూట వచ్చిన రోజు, గుమ్మం దగ్గరే వాసన పట్టి మంచం మీద లేచి కూర్చున్నారు. "విప్పు కోడలా, ఒక్కసారి చేత్తో ముట్టుకుంట" అన్నారు. ముట్టుకోనివ్వలేదు.

ఇంకొక మాట. ఒవైస్ మొన్న ఫోన్‌లో "అమ్మకు దగ్గు తగ్గుతలేదు తాతా" అన్నాడు. మామయ్య ఆ పూట అన్నం తినలేదు.

నాకు సీరియల్ చూసే అలవాటు లేదు, వదినా.

నౌరీన్.

---

జహనుమా,
డిసెంబరు 4, 2024.

నౌరీన్‌కు,

క్షమించమని రాయడం నాకు చేతకాదు. రజాయి కుట్టడం చేతనవును. పార్సిల్లో ఉన్నది అదే.

పత్తర్‌గట్టి సందులో వైకుంఠం దుకాణానికి పోయాను. నలభై ఏళ్ళ పాటు బాపు ఆ దుకాణంలోనే దూది తూకం వేయించుకునేవాడు. ఫైబర్ షీట్లు చూపించమంటే వైకుంఠం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నూరక్కా, గిదేంది? నీ నోట్లకెళ్ళి ఫైబరా? ఒక ఫోటో తీస్కోనా?"

"తీస్కో. గోడకు తగిలిచ్చి అగరబత్తి గూడ వెట్టు. ముందుగాల షీటు విప్పు."

"ఇదువరకు నా కౌంటర్ మీద ఫైబర్ జూసి థూ అన్నవ్."

"ఇప్పుడు గూడ అంట. విప్పు."

ఆరు రకాలు విప్పించాను. ఒక్కొక్కదాన్ని పిడికిట్లో పట్టి పది లెక్కపెట్టి వదిలాను. మూడు రకాలు నలిగిన కాగితంలా అలాగే ఉండిపోయాయి. ఒకటి చెవి దగ్గర నలిపితే బిస్కెట్ కవర్లా చప్పుడు చేసింది. ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే మధ్యలో చిల్లుల్లా పలచగా ఉంది. ఇంత చెత్తను జనం కప్పుకుని హాయిగా నిద్రపోతున్నారంటే, ఈ ఊరికి చర్మం మొద్దుబారింది. మిగిలిన ఆరోదాన్ని తెచ్చాను. దాన్ని కూడా నేను మెచ్చుకోవడం లేదు.

ఎలా పరిచానో రాస్తున్నాను, నేర్చుకో. చుట్టలోంచి తీసిన షీటును వెంటనే కుట్టకూడదు. ఒక రోజంతా నీడలో పరిచి ఉంచితే మడతలు వాటంతట అవే పోతాయి. ఇస్త్రీ పెట్టావో, కరిగి అట్ట కడుతుంది. ఒక్క దళసరి షీటు వేస్తే కుట్ల మధ్య ఉబ్బుతుంది, వేలు పెట్టగానే తెలిసిపోతుంది. అందుకని రెండు పలచనివి వేశాను. వెడల్పు చాలక అతుకు పడింది. అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కించలేదు. అంచుకు అంచు ఆనించి వదులుగా కుట్టాను. కింది అతుకు మీద పై అతుకు పడకుండా జానెడు పక్కకు జరిపాను. షీటుకు ఒక వైపు నున్నగా, ఒక వైపు నూగుగా ఉంటుంది. నున్నటి వైపులు బయటికి పెట్టాను. నూగు వైపు గుడ్డకు తగిలితే నెల తిరక్కుండా తెల్లటి పీచు బయటికి పొడుచుకొస్తుంది.

ఫైబర్‌కు బరువు లేదు. బాపు చిరాకు సగం దానికే. గాలిని కప్పుకున్నట్టుంటే ఎవరికి నిద్ర పడుతుంది? రెండు షీట్ల మధ్య మా అమ్మ దుప్పటి పరిచాను. ఇరవై ఏళ్ళు ఉతికిన గుడ్డ, రాలడానికి అందులో ఏమీ మిగల్లేదు. అయినా నీ డాక్టరును అడిగాకే కప్పు.

ఇంతా చేసి, బాపుకు తెలియకుండా ఉంటుందా అంటే ఉండదు. ఆ వేళ్ళను మోసం చేయడం నీ వల్ల కాదు, నా వల్ల కాదు. నువ్వు అడిగిన ప్రశ్నే తప్పు.

కాబట్టి ఒక పని చేశాను. కాళ్ళ వైపు ఎడమ మూలలో షీట్లు రెండూ రెండంగుళాలు తక్కువ పరిచాను. కావాలనే. అక్కడ పడాల్సిన ముక్కలు విడిగా కవర్లో పెట్టాను. ఆ మూల కుట్టు కచ్చాగా వేశాను, లాగితే వచ్చేస్తుంది. నువ్వు బాపుకు ఏమీ చెప్పకు. వదిన కుట్టి పంపిందని ఒళ్ళో పెట్టి పక్కకు జరుగు. ఆయన వేళ్ళు ముందు మూలలకే పోతాయి. ప్లాస్టిక్‌నైనా ఆయన క్షమిస్తాడేమో గానీ, బోలు మూలను క్షమించడు. తన చేత్తో సరిచేసిన రజాయిని మాత్రం ఏనాడూ పారేయలేదు.

నా నోట్‌బుక్కులో మొదటిసారి "మూల చెడింది" అని రాసుకున్నాను. అది నీ కళ్ళ ముందే జరగాలని రాసిపెట్టి ఉంది. నవ్వుకో.

దిండు కాల్చెయ్. వాళ్ళ మేడ మీద కూడా ఉంచకు.

నూరున్నీసా.

---

ఆదిలాబాద్,
డిసెంబరు 15, 2024.

వదినకు సలాములు.

డాక్టరును అడిగాను. సరేనన్నాడు. మీరు చెప్పినట్టే రజాయిని మామయ్య ఒళ్ళో పెట్టి, బియ్యం ఏరుతున్నట్టు పక్కన కూర్చున్నాను.

ముందు నడుమ చెయ్యి పెట్టి నలిపారు. మొహం చిట్లించారు. "ఫైబరే" అన్నారు. రజాయిని నెట్టడానికి చెయ్యి ఎత్తారు కూడా. కానీ వేళ్ళు అప్పటికే మూలలకు పోయాయి. ఒకటి చూశారు, రెండోది చూశారు. ఎడమ మూల దగ్గర ఆగిపోయారు.

"గిది ఎవలు వరిసిన్రు?"

"వదిన, మామయ్యా."

"నూరా? నా నూరా? అబద్ధాలాడకు."

"ఒట్టు, మామయ్యా."

"ఫైబరు వెడితే వెట్టింది, దాని తెలివి తెల్లారిపోను. గీ మూలేంది? కుక్క పండుకోనీకె గుంత తవ్వుకున్నట్టున్నది! గిది జనం జూస్తే నా ఇజ్జత్ ఏమైతది? తే, కత్తెర తే! సూది తే! ఏం జూస్తున్నవ్, గుడ్డ పట్టు!"

వదినా, రెండేళ్ళుగా ఆయన గొంతు అంత పెద్దగా వినలేదు. పాప భయపడి సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. కుట్టు లాగేసి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టారు. కవర్లోని ముక్కలు తీసుకుని, అంచులను వేళ్ళతో పీచు పీచుగా విడదీసి, లోపలి అంచుకు ఆనించి అదిమారు. మూడుసార్లు ఊపిరి కోసం ఆగారు. ఆగిన ప్రతిసారీ మిమ్మల్ని తిట్టారు. నన్ను కూడా, గుడ్డ వదులుగా పట్టుకున్నానని. "మీ వదినె పట్టుకుంటె డోలు లెక్కుండేది" అన్నారు.

కుట్టు అయ్యాక మూల సమంగా ఉందో లేదో చూడటానికి కాళ్ళ మీద కప్పుకున్నారు. సరిపోలేదని నడుము దాకా లాక్కున్నారు. తర్వాత భుజాల దాకా. అప్పుడు మధ్యాహ్నం మూడయింది. అసర్ నమాజు వేళ దాకా, గంటకు పైనే, కదలకుండా పడుకున్నారు. దవడ వణకలేదు. ఇవాళ్టికి ఆరు రోజులు, రజాయి మంచం దిగలేదు.

నిన్న పొద్దున నాతో, "కోడలా, మీ వదినె చెయ్యి పోయింది. గింత కాడికి అచ్చింది. దానికి నువ్వు నేర్పు" అన్నారు. రజాయి మూల సవరించుకుంటూ, "పన్నెండేండ్లప్పుడు గూడ గదే మూల, గదే రెండంగుళాలు" అని నవ్వారు. నవ్వి, ఫోన్‌లో ఆ మాట మీతో అనవద్దన్నారు. ఆయనకు తెలిసిపోయిందో లేదో నేను అడగలేదు.

దిండు కాల్చేశాను. మీరు డాక్టరుకు చూపించుకోండి. ఇది అడగడం లేదు, చెబుతున్నాను.

నౌరీన్.

---

జహనుమా,
డిసెంబరు 23, 2024.

నౌరీన్‌కు,

నువ్వు నాకు నేర్పాలట. ఆ మాటను రెండు వరుసల్లో ఎంత జాగ్రత్తగా రాశావో చూశాను. నీ చేతిరాత ఎప్పుడూ లేనంత గుండ్రంగా ఉంది.

డాక్టరుకు చూపించుకున్నాను. ఏమన్నాడో రాయను. నా పరుపు, రజాయి ఒవైస్ బయట పెట్టేశాడని మాత్రం రాస్తాను. రెండు కిలోల ముప్పావు దూది మూటను వైకుంఠానికి తిరిగి ఇచ్చేశాను. ముడి చూసి, ఈసారి వాడు ఫోటో అడగలేదు.

ఈ పార్సిల్లో రెండు ఫైబర్ షీట్లు, అస్తరు, పైగుడ్డ, ఒక ఉతికిన దుప్పటి ఉన్నాయి. ఐదడుగుల పదంగుళాల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నువ్వు నాకు కుట్టిపెట్టు. నేనే కుట్టుకోగలను. కానీ బాపు కళ్ళ ముందు కుట్టినది కావాలి. ఎవరికని అడిగితే పక్కింటామెకని చెప్పు. కొలత చూసి గుర్తుపడితే గుర్తుపట్టనీ.

షీటును ఒక రోజు నీడలో పరిచి ఉంచడం మరవకు. నడుమ నుంచి మూలలకు పో. గుడ్డను డోలులా పట్టు.

వచ్చాక నాలుగు మూలలూ టేపు పెట్టి కొలుస్తాను. రెండంగుళాలు తక్కువైతే తిరిగి పంపేస్తాను.

మీ వదిన,
నూరున్నీసా.